పద్దెనిమిదో గుంత

ఎఫీ కార్గిల్‌ని విచారించడానికి కిన్‌మార్ గోల్ఫ్ క్లబ్బు కమిటీ శనివారం భోజనాలయ్యాక కూర్చుంది. ఆ కమిటీ ఏ పనైనా భోజనాలయ్యాకే చేస్తుంది. కడుపు నిండితే గాని పెద్దమనుషులకి ధర్మాగ్రహం పుట్టదు.

నేరం చిన్నదేం కాదు. మెంబరు కాని మనిషి, అందులోనూ ఆడమనిషి, రోజూ పొద్దున్నే మైదానంలోకి చొరబడుతోంది. ఆఖరిదైన పద్దెనిమిదో గుంత దగ్గర, రాతి వంతెన పక్కన తిష్ఠ వేస్తోంది. కొండ మీదున్న క్లబ్బు కిటికీలోంచి సెక్రటరీ మర్డో పిరీ బైనాక్యులర్స్‌తో స్వయంగా చూశాడు.

"రబ్బరు బూట్లు కూడా వేసుకుంది," అన్నాడు పిరీ గొంతు తగ్గించి.

మైదానంలో రబ్బరు బూట్లు నిషేధం. కమిటీ మొత్తం ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

ఎంతైనా నూటయాభై ఏళ్ల క్లబ్బు. కెప్టెన్ ఆర్చిబాల్డ్ గెడ్డెస్ ఆ చరిత్రనంతా పుస్తకంగా రాస్తున్నాడు. బెస్తవాళ్లు వలలు ఆరేసుకునే ఇసుక నేలని, నారబట్టల వ్యాపారి ఒకాయన 'స్థానికుల సహకారంతో' గోల్ఫ్ మైదానం చేశాడని మొదటి అధ్యాయంలో ఉంది. స్థానికుల సహకారం ఏమిటంటే, తమ వలల గుంజలు పీకి పారేస్తుంటే నోరారా తిట్టి ఊరుకోవడం. అలా తిట్టినవాళ్లలో ఎఫీ తాతమ్మ కూడా ఉంది. తిట్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు.

ఆఖరి అధ్యాయం నిండా విజయాలే. చాలా ఏళ్లుగా మైదానం మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. గడ్డి ఎండిందని గొణిగినవాడు లేడు. ముందువాళ్లు నత్తనడక నడుస్తున్నారని అరిచినవాడు లేడు. అయినా మెంబరవ్వాలని ఎదురుచూసేవాళ్ల వరస మాత్రం తరగడం లేదు. స్కాట్లాండ్ మొత్తం మీద ఇంత ప్రశాంతమైన క్లబ్బు ఇంకోటి ఉంటే చూపించమంటాడు కెప్టెన్.

ఎఫీ వచ్చింది. అరవై దాటిన మనిషి. కూర్చోమనకముందే కూర్చుంది.

"ఏం ఆర్చీ, మోకాలు ఎలా ఉంది?"

"ఇక్కడ కెప్టెన్ అనాలి."

"ముక్కు చీదుకోవడం రానప్పట్నుంచీ చూస్తున్నాను నిన్ను. సరేలే, కెప్టెన్‌గారి మోకాలు ఎలా ఉంది?"

పిరీ గొంతు సవరించుకున్నాడు. "చర్చి గోడ దగ్గర్నుంచి తూర్పుగా మైలు దూరం క్లబ్బుది. ఇంకోసారి అక్కడ కాలుపెట్టావంటే కోర్టుకి ఈడుస్తాం."

"నేను కాలెక్కడ పెట్టానయ్యా?"

"మాటల గారడీ చెయ్యకు."

"అక్కడికి పోకపోతే నా పొయ్యి వెలగదు మర్డో. మా నాన్న పోయాక నాకున్న ఆధారం అదొక్కటే. ఆ వంతెన దగ్గర దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు. నీకు తెలీదా ఏం? మొన్న మీ ఆవిడ నా దగ్గరే కొనుక్కెళ్లిందిగా!"

పిరీ మొహం కందగడ్డ అయింది.

"మా బంతులు కూడా ఎత్తుకుపోతోంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నీ బంతులు ఎవడిక్కావాలోయ్! ఎప్పుడైనా ఒకటి చిక్కుతుంది. ఇదిగో, తీసుకోండి."

పాచిపట్టిన బంతి ఒకటి బల్ల మీద పెట్టింది. కెప్టెన్ అందుకుని బొటనవేలితో తుడిచాడు. పాచి కింద రెండు ఎర్ర చుక్కలు కనిపించాయి. తన బంతుల మీద అలా చుక్కలు పెట్టుకునేవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే.

"నా ఆఖరి దెబ్బ ఇది," అన్నాడు. "వంతెన దాటిందనుకున్నాను."

"దాటలేదు ఆర్చీ," అంది ఎఫీ మెత్తగా.

ఈసారి ఆయన 'కెప్టెన్ అనాలి' అనలేదు. పాపం, ఆ ముసలాయన్ని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. పిరీకి మాత్రం వెయ్యలేదు.

"విషయానికి రండి. ఈవిడ మెంబరు కాదు."

"అయితే మెంబర్ని చెయ్యండి. గొడవ వదిలిపోతుంది," అంది ఎఫీ.

"ఆడవాళ్లనా? బట్టలు మార్చుకోడానికి గది లేదు." నూటయాభై ఏళ్లుగా ఆ క్లబ్బుకి అదే కారణం. గది కట్టకపోవడానికి కారణం ఆడవాళ్లు లేకపోవడం.

"నేను మార్చుకోను. ఇలాగే వస్తాను," అంది ఎఫీ. గోడకేసి చెయ్యి చూపించింది. "అక్కడ బంగారు అక్షరాల్తో ఏం రాసుకున్నారు? 'మైదానం ఎలా ఉంటే అలాగే ఆడాలి' అని. నేను చేస్తున్నదదే. కిందటేడు పద్దెనిమిదో గుంత దాకా వెళ్లిన మొనగాడెవరో చెయ్యెత్తండి చూద్దాం."

ఒక్క చెయ్యీ లేవలేదు. కెప్టెన్‌కి మోకాలు. పిరీకి నడుం. కోశాధికారికి చల్లగాలి పడదు.

అప్పుడు కెప్టెన్, బంతి ఉన్న చెయ్యి గుప్పిట బిగించి, రెండో చెయ్యి పైకెత్తాడు. "చేర్చుకుందాం," అన్నాడు. ఆయన చెయ్యి చూసి తక్కిన చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఆడవాళ్లకి తలుపులు తెరిచిన ఉదార క్లబ్బు అని పుస్తకంలో ఇంకో పేజీ పెరుగుతుందని కోశాధికారి అందర్నీ అభినందించాడు. రబ్బరు బూట్ల సంగతి మాత్రం వచ్చే మీటింగులో తేల్చాలని పిరీ పట్టుబట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఎఫీ, కోటుకి క్లబ్బు బ్యాడ్జి తగిలించుకుని, ఇరవై ఏళ్ల కిందట సముద్రం మొత్తంగా మింగేసిన మైదానంలో, పద్దెనిమిదో గుంతకి సరిగ్గా పైన పడవ ఆపి, పీతలు పట్టే బుట్టలు నీళ్లలోకి దించింది.