గొడ్డలి పాట

"ఆపండి!" గాజు గదిలోంచి మైకులో అరిచాడు రికార్డు కంపెనీ మనిషి ప్రూయిట్. "పాట మళ్లీ నెమ్మదించింది."

అది ఏడోసారి.

ఐజమ్ గొడ్డలిని దుంగలోనే దింపి వదిలేశాడు. ఒకప్పుడు మిసిసిపి జైలు పొలంలో గొడ్డళ్లతో చెట్లు నరికే ఖైదీల వరసకు పాట ఎత్తిచ్చిన మనిషి. డెబ్బై దాటాయి. ఆ పాటల మీదే డెల్మర్ ఈ జాజ్ రికార్డంతా కట్టాడు. ఐజమ్ పాడుతూ గొడ్డలి వేస్తాడు. ఆ దెబ్బ మీదే ఎల్వుడ్ డ్రమ్ము పడాలి. ఆ పైన డెల్మర్ శాక్సఫోన్ తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది.

మిగిలింది ఈ ఒక్క పాటే. సగానికి వచ్చేసరికి ముసలాయన పాట నడక తగ్గించేస్తున్నాడు.

"పెద్దాయనా, నువ్వు నరికేది దుంగనా, వెన్నముద్దనా?" అన్నాడు ఎల్వుడ్, కుడిచేత్తో నుదుటి చెమట తుడుచుకుంటూ.

"దుంగకు తొందరేముంది నాయనా!" ఐజమ్ నవ్వాడు.

డెల్మర్ నవ్వలేదు. "ఐజమ్ గారూ, మొదట ఎత్తుకున్న నడకే చివరిదాకా. నాకు కావలసింది అంతే."

తలుపు తోసుకుని ప్రూయిట్ వచ్చాడు. "ఐదింటికి స్టూడియో ఖాళీ చెయ్యాలి. ఇంకొక్కసారే. ఈసారి ఎవరు వెనకబడితే వాళ్లను తీసేస్తా. రేపు వేరే మనిషిని పెట్టి పూర్తిచేస్తా." చూపు మాత్రం ముసలాయన మీదే ఉంది.

ఎల్వుడ్ పుల్లలు కింద పెట్టాడు. ఇరవై ఏళ్లు చికాగో బార్లలో, చర్చి విందుల్లో వాయించి వాయించి, ఇన్నాళ్లకు అట్ట మీద తన పేరు పడే రికార్డు.

ప్రూయిట్ గాజు గదికి వెళ్లగానే, ఎల్వుడ్ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని దుంగ దగ్గరకు వచ్చాడు.

"నీకు పుణ్యం ఉంటుంది పెద్దాయనా, నా కూడు పోగొట్టకు. ఓపిక లేకపోతే ఇప్పుడే చెప్పెయ్."

"ఓపికకేం! పొద్దుగూకేదాకా వేస్తాను."

"మరి జైల్లో కూడా ఇలాగే సాగదీసేవాడివా?"

"అప్పుడప్పుడూ." ఐజమ్ అరచేతులకు ఉమ్మి రాసుకుని గొడ్డలి పెరికాడు. "వరసలో ఎవడో ఒకడికి జ్వరమో, నొప్పో ఉండేది. గుర్రమ్మీది కాపలావాడు వెనకబడ్డ గొడ్డలినే చూస్తాడు. దొరికాడా, తోలు ఊడగొట్టేవాడు. అందుకని పాట నేనే తగ్గించేవాణ్ణి. అన్ని గొడ్డళ్లూ ఒక్కసారే పడుతుంటే ఎవణ్ణి కొడతాడు?"

"ఇక్కడ వరసేదీ? ఉన్నది ముగ్గురం. ఎవడి కోసం తగ్గిస్తున్నావ్?"

రికార్డింగు మొదలైందని గోడ మీద ఎర్రదీపం వెలిగింది. ఎల్వుడ్ గబగబా వెళ్లి డ్రమ్ముల ముందు కూర్చుని పుల్లలు అందుకున్నాడు.

ఐజమ్ గొడ్డలి పైకెత్తాడు. ఆరు వారాలుగా కట్టుకున్నదానికి కూడా తెలియనివ్వకుండా ఎల్వుడ్ దాచుకొస్తున్న, పాట సగానికల్లా మొద్దుబారి పట్టు తప్పే ఆ ఎడమ చేతి వంక ఒక్క చూపు చూసి, ఈసారి మొదటి దెబ్బ నుంచే నెమ్మదిగా పాట ఎత్తుకున్నాడు.