అన్నీ అక్క పేరునే

“ప్లీడరా? నాకా? గుంటూరు ప్లీడర్లంతా వరసకట్టి నా దగ్గర పాఠం చెప్పించుకోవాలి,” అన్నాడు యలమందయ్య. ఈ భూమ్మీద తనను ముంచగల మనిషి ఇంకా పుట్టలేదని అతని గట్టి నమ్మకం.

ఆ రోజు ఊరి చావడిలో అతనికీ భార్య ఆదెమ్మకీ విడాకుల పంచాయితీ. సత్తెనపల్లి పక్క ఆ ఊళ్ళో, పన్నెండేళ్ళ కాపురాన్నయినా పన్నెండు నిమిషాల్లో తెంపగల పెద్దమనిషి సంజీవరావు. కరణీకాలు రద్దయి రెండేళ్ళయినా ఆయన చెవిమీది కలం మాత్రం రద్దు కాలేదు.

“ఇద్దరూ ఆస్తులూ అప్పులూ దాచకుండా చెప్పండి. ఆస్తిలో చెరి సగం, అప్పులో చెరి సగం. తర్వాత మాట మారిస్తే కుదరదు,” అన్నాడాయన స్టాంపు కాగితం పరుస్తూ.

ముందు ఆదెమ్మ చెప్పింది. రెండు స్టీలు గిన్నెలు, ఒక మేక, కిరాణా కొట్లో పద్నాలుగు రూపాయల బాకీ. మెళ్ళో గొలుసు ఎప్పుడో పత్తిచేలో పురుగుమందై పోయింది. సగం చేను రాకపోతే రేపటి నుంచి కూలికి పోవాల్సిందే.

“నీ సంగతేందిరా?”

“నాకేముందండీ! దమ్మిడీ లేదు.”

“నాలుగెకరాల పత్తిచేను?”

“అక్కది. మొన్ననే రిజిస్ట్రీ అయింది.”

“మిరపకాయల బస్తాలు, ఎనభై టిక్కీలు?”

“అక్కవే.”

“ఎడ్లు?”

“అక్కవి.”

“గడ్డం గీసుకునే సెట్టు?”

యలమందయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. “అదీ అక్కదేనండి.”

మూల కూర్చున్న ఆ అక్క, యాభై నాలుగేళ్ళ కోటమ్మ, గడ్డం తడుముకుంది.

తల్లి పోయాక అతన్ని సాకింది ఆవిడే. “ఒరే తమ్ముడూ, అన్నీ నా పేర పెట్టరా. ఆ ఆదెమ్మకి చిల్లిగవ్వ దక్కితే నన్నడుగు,” అని చెప్పిందీ ఆవిడే. ఆదెమ్మతో ఆవిడకి ఆర్నెల్లుగా మాటల్లేవని ఊరంతా ఎరుగును.

“అప్పులు?”

“అక్కకే ఇరవై వేలండి. చిన్నప్పటి నుంచి ఆవిడ పెట్టిన తిండికి లెక్కగట్టి ప్రోనోటు రాశాను. సగం ఆదెమ్మ కట్టాలి.”

జనం పైటకొంగులూ తుండుగుడ్డలూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిరప కల్లాల ఘాటు కాబోలు అనుకున్నాడు యలమందయ్య.

సంజీవరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అక్క పేర పెట్టావా? బాగా ఆలోచించుకునే పెట్టావా?”

“రక్తసంబంధమండీ! ఎక్కడికి పోద్ది?”

సంతకాలయ్యాయి. పిడుగురాళ్ళలో చూసుకున్న రెండో సంబంధం యలమందయ్య కళ్ళముందు మెదిలింది.

అప్పుడు కోటమ్మ లేచింది. “కరణం గారూ, నా బాకీలో ఆదెమ్మ సగం కొట్టెయ్యండి. వీడి పదివేలు మటుకు వదలను. రేపటి నుంచి నా చేలో అడుగు పెట్టొద్దని కూడా చెప్పండి.”

“అక్కా! ఏందే ఇది?”

“అన్నీ నావేనని నువ్వే చెప్పావు గదరా.”

యలమందయ్య సంజీవరావు కాళ్ళమీద పడ్డాడు. “అబద్ధమండీ! అంతా అబద్ధం! చేను నాది, మిరపకాయలు నావి, ఆ ప్రోనోటు దొంగది! ఆదెమ్మకి సగం ఇవ్వాల్సొస్తదని దాచానండీ!”

“రిజిస్ట్రీ కూడా దొంగదేనా?”

“అదొక్కటే... అసలైందండీ.”

సంజీవరావు కలం తీసి చెవిమీద పెట్టుకున్నాడు.

“పదవే అమ్మా, రేపు పత్తితీతకి కూలీల్ని పిలుచుకోవాలి,” అంటూ ఆదెమ్మ తనను కన్న కోటమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.