ఆవుకి సిగ్గు

చోడవరంలో ఈగ వాలి పశువు పుండులో పురుగులు పడితే, అచ్చియ్యమ్మ మంత్రం వేసి రాల్చేది. పశువుని తోలుకెళ్లక్కర్లేదు, ఆనవాళ్లు చెబితే చాలు.

"మా ఆవుకి ఎడమ కాలిలో పురుగులు పడ్డాయి," అన్నాను.

"ముందు కాలా, ఎనక కాలా?"

తడబడ్డాను. "వెనకది. చెరకు మోడు గుచ్చుకుని పదకొండు రోజులైంది. నిన్న ఏడు పురుగులు తీశాను, ఈ ఉదయం పద్నాలుగు."

"ఇంత లెక్క ఉంది, డాక్టరుకి సూపించలేదేటి?"

"నలుగురికీ తెలిసిపోతుంది."

"ఆవుకి సిగ్గేటమ్మా?"

ఒక ఈగ నా చీర అంచు మీద వాలింది. తోలాను. మళ్లీ అక్కడే వాలింది. కాలు వెనక్కి లాక్కున్నాను. అచ్చియ్యమ్మ చూపు ఆ ఈగ మీదే ఉంది.

మా తోటికోడలు వీధిలో నిలబడి, "పురుగులు పడి పోతావే!" అని నన్ను తిట్టి నెల తిరగలేదు. ఈ సంగతి ఆమె చెవిన పడితే ఊళ్లో తలెత్తుకోలేను.

అచ్చియ్యమ్మ లేచి వేన్నీళ్లు తెచ్చింది. "మనిషికి నా మంత్రం పన్జెయ్యదు. కడిగి కట్టు కడతాను, రిక్షాలో ఆస్పత్రికి ఎల్దాం. కాలు సాపమ్మా."

"అక్కడ ఎవరైనా చూస్తే?"

"పురుగులు నాకే పడ్డాయని సెప్తాను. నువ్వు నాకు తోడొచ్చేవు."