మూడు వందల పౌండ్లు

కొడుకు ఎత్తిన ఆరో వాటర్ బాటిల్‌ని దక్షిణామూర్తి లాగేసుకున్నాడు.

"ఒంట్లో ఉప్పు పడిపోతే ఫిట్స్ వస్తాయిరా! చచ్చిపోతావు!"

"ఇంకా మూడు పౌండ్లు తక్కువ, డాడీ. మూడొందలు లేకపోతే ప్రో టీములకి ఆటగాళ్లని ఎంచే స్కౌట్లు లిస్ట్‌లోంచి తీసేస్తారు." శ్రీవత్స మళ్లీ బాటిల్ కోసం చెయ్యి చాచాడు. "కాలేజ్ ఫుట్‌బాల్‌లో నాలుగేళ్లు ముందు వరసలో గోడలా నిలబడి, బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ మీద ఒక్కణ్ణీ పడనివ్వలేదు. అది ఎవరూ చూడరా?"

కొడుకు ఆడిన ఆ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా దక్షిణామూర్తి చూడలేదు.

స్కౌట్ల ముందు తూకానికి ఇంకో పావుగంటే ఉంది. ముప్పై ఏళ్లుగా పేషెంట్లందరికీ ఉప్పు మానమని చెప్పిన ఆ గుండె డాక్టరు, హోటల్ టేబుల్ మీదున్న ఉప్పు పొట్లాలు చింపి బాటిల్లో కలిపాడు.

"నెమ్మదిగా తాగు," అంటూ అందించాడు. "ఇంతకీ ఆ వరసలో నువ్వు నిలబడేది ఎటువైపురా?"