చుక్కల బస్సు

“బావా, ఉరికి రా! ఆయనొచ్చి కూసున్నడు!”

మహిమ కేకకు డేవిడ్ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో సగం ఒలిచిన ఉల్లిగడ్డ అలాగే ఉంది.

ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర బస్సు. ముందు సీట్లో పచ్చటి ఒంటికన్ను మనిషి. కదలడు, మెదలడు.

“అగో, అప్పుడే ఇంతదాక వచ్చినవా? నా పెండ్లాం బంగారం!”

పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. కరీంనగర్‌లోని ఈ మేడమీది ఇంట్లో మహిమకు అన్నీ ముచ్చటే. కిటికీలో వాలే పిచ్చుకా ముచ్చటే, కుక్కర్ విజిలూ ముచ్చటే. అన్నిటినీ మించిన ముచ్చట మొగుడి చిన్ననాటి ఆట. అందుకే చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా దాని ముందు కూర్చుంది.

ఆట పేరు ‘చుక్కల బస్సు’. డేవిడ్ బడికి పోయే రోజుల్లో ఈ చుట్టుపక్కల ఏ కంప్యూటర్ సెంటర్లో చూసినా అదే. ఆటలో పెద్దపల్లి బస్సెక్కిన లచ్చయ్య ఒక కునుకు తీసి లేచేసరికి బస్సు చందమామ మీద ఉంటుంది. అక్కడ మేక టికెట్ తినేస్తుంది. అంగారకుడి మీద చెకింగ్ ఆఫీసరు నాలుగు చేతులూ చాపి అదే టికెట్ అడుగుతాడు. మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే, యాస మాత్రం అచ్చం ఇక్కడిదే.

చివరికి ఈ పచ్చాయన వచ్చి కూర్చుంటాడు. ఇంటికి దారి ఆయనకే తెలుసు. చెప్పడు.

ఆట ముగిస్తే దాన్ని తయారుచేసినవాడి పేరు కనిపిస్తుందని అంటారు. ముగించినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ పేరు కోసమే డేవిడ్ ఫోన్లో ఒక గ్రూపు నడుపుతున్నాడు. ఆసిఫాబాద్ హర్షిణి నుంచి దుబాయ్ మల్లేష్ దాకా అందరిదీ ఒకటే కోరిక. ఆ మనిషి ఎక్కడున్నా వెతికి, రెండు చేతులూ పట్టుకుని, మా చిన్నతనపు నవ్వులన్నీ నువ్విచ్చినవే అని చెప్పాలి. డేవిడ్ అయితే శాలువా కూడా కొని బీరువాలో పెట్టాడు. కప్పడానికి భుజాలే దొరకలేదు.

“తుపాకి చూపిద్దునా?” అంది మహిమ.

“చూపిస్తె బస్సు పేలుతది.”

“టికెట్ ఇస్తె?”

“మేక తిన్నది గద!”

“జోకు చెప్తె?”

“నేను చెప్పిన. నవ్వలే.”

“నీ జోకులకు నేనే నవ్వ, గాయనేం నవ్వుతడు! సరే, సంచిల ఇంకేమున్నది?”

“నీళ్ల సీసా. అది ముట్టకు. రేడియేటర్ల పొయ్యాలె.”

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

“ఎవలన్న ఉన్నరా? కింది అర్ర అద్దెకని బోర్డున్నది.”

అరవై దాటిన మనిషి. భుజాన గుడ్డసంచి, మెడలో తువ్వాల. ఎండలో నడిచొచ్చినట్టున్నాడు, మొహం కందిపోయింది.

“రాండ్రి, కూసోండ్రి,” అని కుర్చీ చూపించి డేవిడ్ మళ్లీ తెర వైపు తిరిగాడు.

“నా పేరు పరశురాములు బిడ్డా. మాది మంథని.”

“ఎంతమంది ఉంటరు పెద్దయ్యా?”

“ఒక్కణ్నే.”

“అయ్యో, ఒంటిగాళ్లకు ఇయ్యం పెద్దయ్యా. ఫ్యామిలీ ఉన్నోళ్లకే.”

“గీ వయసుల గూడనా? పోయి పెండ్లి చేసుకొని రమ్మంటవా?”

మహిమ కిసుక్కున నవ్వింది. చెయ్యి మాత్రం మౌస్ మీదే.

“పోనీ, నా నంబరన్న రాసుకుంటవా?”

“సూద్దాం తియ్ పెద్దయ్యా,” అన్నాడు డేవిడ్, చూపు తిప్పకుండానే.

ఆయన లేవలేదు. ఆయన కళ్లూ తెర మీదే ఉన్నాయి.

“గా పచ్చాయన ఏమంటుండు?”

“ఏమంటలేడు. వచ్చి కూసున్నడు, గంతే. ఇరవై ఏండ్లాయె!”

ముసలాయన పడీపడీ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వి, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

“గిసొంటి పాతవి ఇప్పటికీ ఆడుతరా బిడ్డా?”

“ఎందుకాడం? మాకిది పాణం పెద్దయ్యా!”

ఆయన సంచి భుజానికి సర్దుకున్నాడు. తర్వాత లేచాడు.

“బిడ్డా, జర మంచినీళ్లియ్యవా?”

మహిమ నాలుక కరుచుకుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లు, తర్వాతే మాటలు. అత్తారింటికి పంపుతూ అవ్వ చెప్పింది అదే. గబగబా గ్లాసు నిండా తెచ్చింది.

“తప్పయింది పెద్దయ్యా.”

“తప్పేంది బిడ్డా? అడగకముందు ఇస్తె మర్యాద, అడిగినంక ఇస్తె నీళ్లు. దూపైతె రెండిట్ల తీరుతది.”

గటగటా తాగి, గ్లాసు ఆమె చేతిలో పెట్టి, “పోయొస్త” అని మెట్లు దిగిపోయాడు.

మహిమ ఖాళీ గ్లాసును చూసింది. ఖాళీ కుర్చీని చూసింది. తెర మీద సీట్లో కూర్చున్న మనిషిని చూసింది.

“బావా, గీయనకు ఎవలన్న నీళ్లిచ్చిండ్రా?”

“తాగిపాయె గద!”

“పెద్దయ్య గాదు, పచ్చాయనకు!”

“వద్దు మహీ, అవి రేడియేటర్‌కు…”

మహిమ వినలేదు. సీసా తీసి పచ్చాయన చేతిలో పెట్టింది.

పచ్చాయన కదిలాడు! గటగటా తాగాడు. లేచి పోయి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బస్సు చుక్కల్లోంచి జర్రున జారి, మానేరు మీదుగా వచ్చి కరీంనగర్ బస్టాండులో ఆగింది.

“అయిపాయె! అయిపాయె మహీ!” డేవిడ్ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఉరికి బీరువా తెరిచి శాలువా తీశాడు. “హర్షిణికి చెప్పాలె! మల్లేష్‌కు చెప్పాలె! పేరొచ్చిందా? సదువు, సదువు!”

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

‘అడగకముందే ఇచ్చినవ్ బిడ్డా, గిది మర్యాద. అడిగినంక ఇస్తె ఉత్త నీళ్లే.’

మహిమ నవ్వు ఆగిపోయింది. తడి గ్లాసుతోనే బయటికి ఉరికి, పిట్టగోడ మీంచి వంగి చూసింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎండ తప్ప ఎవరూ లేరు.

లోపల డేవిడ్ సంబరంగా, వీధంతా వినపడేలా చదువుతున్నాడు. “గీ బస్సు తోలినోడు… పరశురాములు!” అని ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి మిగిలిన ఒక్క మాటా చదివాడు, “మంథని.”