రెండో పొయ్యి

మాదాపూర్‌లో కొత్త మేడకు కాపలా కాసే తమ్ముడు సమ్మయ్య, జీతం చీటీ పక్కన పెట్టుకుని అన్నానికి కూర్చున్నాడు.

“చూడక్కా, గీ నెల గూడ వృత్తి పన్ను కట్ చేసిన్రు. కట్టేది మేము, కూసొని తినేది తెల్లకార్డోళ్లు. గా బియ్యమిచ్చే పార్టీకి ఈసారి ఓటెయ్య. నువ్వు గూడ ఎయ్యకు.”

“ముందు తినురా.”

“మూలకు గా రెండో పొయ్యెందుకే?”

“ఉండనీ” అంటూ ఇంకింత అన్నం వడ్డించాను.

పొద్దున తెల్లకార్డుల తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. జీతం తెచ్చే తమ్ముడు నా వంటే తింటాడని తెలిస్తే నా కార్డు పోతుంది, ఈ బియ్యమూ పోతాయి. ఆ పొయ్యి చూపించి, నాది వేరు, వాడిది వేరు వంట అన్నాను. రోజూ దీపం పెట్టి తమ్ముడు చల్లగా ఉండాలని మొక్కే నోటితోనే, నన్ను చూసేవాళ్లెవరూ లేరన్నాను.