ప్రతి వారం

ఫార్మకాలజీ ప్రాక్టికల్స్‌లో ఐదో బల్ల దగ్గర కాగితం ఉండదు, మనిషి ఉంటుంది. వెలుగుతో అల్లిన మనిషి. మనం చెప్పినట్టే మందు వేసుకుని, రాబోయే నెల రోజులూ మన కళ్లముందే ఒక్క నిమిషంలో బతికి చూపిస్తుంది.

"పాతకాలంలో హాయిగా రాసేసి పోయేవారట," అని సుధేష్ణ పొద్దుటి నుంచీ విసుక్కుంటూనే ఉంది.

గంట మోగింది. వేళ్లు కొంకర్లు పోయిన అప్పలనరసమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. సుధేష్ణ కీళ్లవాతానికి సరైన మాత్రే ఎంచింది, ఏడు రోజులకు ఒక్కటే వేసుకోవాల్సింది.

"ప్రతి వారం ఒకటి వేసుకో మామ్మా."

నెల గడిచింది. ముసలామెకు నోరంతా పూసింది, జుట్టు ఊడింది, తల వాలిపోయింది.

"మేడమ్, నేను తప్పు చెప్పలేదు!"

"ఆవిణ్ణే అడుగు," అంది పరీక్షకురాలు.

"ఆదోరం, సోమోరం, మంగళోరం... ఏ వోరమూ మాన్లేదమ్మా. నువ్వు సెప్పినట్టే ఏసుకున్నాను."

వారమంటే రోజు కూడా అని సుధేష్ణకు అప్పుడు తట్టింది. తాను పుట్టిపెరిగిన తెలుగు తనకన్నా ఆ వెలుగుకే బాగా వచ్చు.

"ఇంకా టైముంది," అంటూ మేడమ్ నెలను వెనక్కి తిప్పింది.

సుధేష్ణ ఆ వంకర వేళ్లు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. "మంగళవారం ఒక్కరోజే మామ్మా. మళ్లీ మంగళవారం దాకా ముట్టుకోకు."

నెల మళ్లీ గడిచింది. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అప్పలనరసమ్మ వాటిని తిప్పి తిప్పి చూసుకుని, జారిన కొప్పు తనే ముడేసుకుంది.

గంట మోగినా సుధేష్ణకు కదలబుద్ధి కాలేదు.

బయట వరుసలో ఉన్నవాళ్లు మూగారు. "ఏ మందొచ్చిందే?"

"మందు కాదే," అంది సుధేష్ణ, ఇంకా వెచ్చగా ఉన్న అరచేతులు చూసుకుంటూ. "మాట వచ్చింది."